అండమాన్ కబురు అండమాన్ వాళ్ళ నోటే విందాం

మన పత్రిక షోలాపూర్ బస్తీలకు పోతుంది, భివండికి పోతుంది, కోయంబత్తూరుకు, బెంగుళూరుకు, బరంపురానికి, యానాముకు పోతుంది. మిల్లులు మూతబడ్డా మనోళ్ళ సంగతి మనోళ్ళకు తెలవాలని నడుపుకుంటున్న పత్రిక ఇది. కానీ ఈ లెక్కలోకి ఇంకా రాని తెలుగువాళ్ళు ఒకచోట ఉన్నారు. బంగాళాఖాతం నడిమధ్యన, అండమాన్ నికోబార్ దీవుల్లో.

వాళ్ళు పది ఇరవై ఇండ్లు అనుకోవద్దు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో మొత్తం జనం 3,80,581. అందులో నూటికి 13 మంది పైచిలుకు తమ భాష తెలుగు అని రాయించారు. అంటే సుమారు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత అక్కడ నాలుగో భాష మనదే. చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపలవేటకు, రేవు పనికి, ఇండ్లు కట్టే పనికి పోయినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. మన పెద్దలు మగ్గం వదిలి మిల్లుకు ఎట్లా పోయారో, వాళ్ళ పెద్దలు అట్లా ఓడ ఎక్కారు. తేడా ఏందంటే, మనం రైల్లో పోయినం, తిరిగి రావాలంటే ఒక రాత్రి ప్రయాణం. వాళ్ళకు చెన్నై అయినా విశాఖ అయినా దగ్గరదగ్గర 1,200 కిలోమీటర్ల నీళ్ళు. ఓడలో రెండున్నర మూడు రోజులు. గాలివాన లేస్తే ఆ ఓడ కూడా ఆగిపోతుంది.

ఈ నెల నేను చెప్పేది ఒక్కటే మాట. ఆ దీవుల్లో మనోళ్ళ బతుకు గురించి రాసేవాళ్ళు, ఫోనుతో వీడియోలు తీసి పెట్టేవాళ్ళు ఇప్పుడు ఉన్నారు. వాళ్ళతో మనం ముందే పరిచయం పెట్టుకోవాలి. ఆపద వచ్చినాక వెతికితే దొరకరు.

2004 నేర్పిన పాఠం

2004 డిసెంబరు 26, ఆదివారం. పొద్దున ఆరున్నర కాకముందే సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలింది. కొద్దిసేపట్లోనే అలలు నికోబార్ దీవుల మీద పడ్డయి. కార్ నికోబార్‌లో ఊర్లకు ఊర్లు కొట్టుకుపోయినయి. అక్కడి వైమానిక దళం స్థావరం కూడా దెబ్బతిన్నది. మన దేశానికి అన్నిటికన్నా దక్షిణపు కొస ఇందిరా పాయింట్. అక్కడ నేల నాలుగు మీటర్ల పైన కుంగింది. గట్టుమీద ఉండే దీపస్తంభం నీళ్ళల్లోకి పోయింది. చనిపోయినవాళ్ళు, దొరకనివాళ్ళు కలిపి ఆ దీవుల్లో సర్కారు లెక్క మూడున్నర వేలమంది దాకా.

ఆ రోజు ఇవతలి ఒడ్డున ఉన్న కుటుంబాల పరిస్థితి ఆలోచించండి. తమ్ముడు అక్కడ, అక్క ఇక్కడ. ఫోను కలవదు. టీవీలో నాగపట్నం చూపిస్తున్నారు, మెరీనా చూపిస్తున్నారు. దీవుల బొమ్మ రాదు. బతికున్నారా లేదా అని చెప్పే నాథుడు లేడు.

అప్పుడు పోర్ట్ బ్లేర్ నుంచి ఒక గొంతు పలికింది. హైదరాబాద్‌లో హామ్ రేడియో నేర్పే సంస్థ ఒకటి ఉంది, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అని. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ అనే ఆవిడ, కొంతమంది తోటివాళ్ళతో కలిసి ఆ నెలలోనే అండమాన్ పోయి ఉన్నారు. హామ్ రేడియో అంటే సొంత యంత్రంతో, లైసెన్సుతో, తీగ లేకుండా ప్రపంచంలో ఎక్కడివాళ్ళతో అయినా మాట్లాడుకోవడం. వాళ్ళు పోయింది సరదా పని మీద, దూరదేశాల హామ్‌లతో మాట కలపడానికి. భూమి కదిలిన పొద్దున్నే ఆ సరదా పని ఆపేసి, అదే యంత్రంతో ఆపద కబుర్లు పంపడం మొదలుపెట్టారు. ఫలానా ఆయన క్షేమం, ఫలానా కుటుంబం ఇంకా దొరకలేదు, ఇక్కడ మందులు కావాలి. ఇట్లాంటి మాటలు ఇవతలి ఒడ్డుకు చేరినయి. తర్వాత కార్ నికోబార్‌తో కూడా రేడియో కలిపారు.

ఇందులో మనం గమనించాల్సింది ఏందంటే, వాళ్ళు అలలు వచ్చినాక పోయినవాళ్ళు కాదు. ముందే అక్కడ ఉన్నారు. తీగ ముందే కట్టి ఉంది. ఇవతల వినేవాళ్ళకు ఆ గొంతు ముందే తెలుసు. అందుకే ఆ పూట పనికొచ్చింది. రింగు ఫ్రేము మీద దారం తెగితే, పక్కనే నిలబడ్డ మనిషి అప్పుడే అతుకుతాడు. ఖాతా బయట ఉన్న మనిషిని పిలుచుకొచ్చేసరికి బాబిన్లు ఖాళీగా తిరుగుతనే ఉంటయి.

ఇప్పుడు తీగ వచ్చింది

చాలా ఏళ్ళు ఆ దీవులకు ఫోను, ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీద నడిచింది. ధర ఎక్కువ, వేగం తక్కువ. ఒక ఫోటో పంపాలంటే కూర్చుని ఎదురుచూడాలి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన తీగ మొదలైంది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్ల రూపాయలు. అది పోర్ట్ బ్లేర్‌తో ఆగలేదు. హావ్‌లాక్, రంగత్, లాంగ్ ఐలాండ్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ దాకా పోయింది. పోర్ట్ బ్లేర్ పేరును 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. హావ్‌లాక్‌కు అంతకుముందే స్వరాజ్ ద్వీప్ అని పెట్టారు. జనం నోట్లో మాత్రం పాతపేర్లే ఎక్కువ.

తీగ వచ్చినాక అక్కడి పిల్లలు, పెద్దలు తమ మాట తామే చెప్పుకుంటున్నారు. చేపల రేవులో పొద్దుటి వేలం, ఓడ టిక్కెట్టు కోసం నిలబడ్డ వరస, వానకు పాడైన రోడ్డు, గుడి జాతర. కొందరు రాస్తారు, కొందరు వీడియో పెడతారు. హిందీలో ఎక్కువ, ఎందుకంటే అన్ని భాషలవాళ్ళు కలిసే చోట అక్కడ హిందీయే నడుస్తుంది. మధ్యమధ్యన మన తెలుగు వినబడుతుంది. పత్రికలు కూడా ఉన్నయి. డైలీ టెలిగ్రామ్స్ అని సర్కారుది, అండమాన్ క్రానికల్, లైట్ ఆఫ్ అండమాన్స్ లాంటివి బయటివాళ్ళవి.

మనం టీవీలో చూసే అండమాన్ రెండే రకాలు. ఒకటి సెల్యులార్ జైలు, 1906లో కట్టడం పూర్తయిన కాలాపానీ. రెండోది తెల్ల ఇసుక, నీలం నీళ్ళు, కొత్త జంటల ఫోటోలు. ఈ రెంటి నడుమ 50 వేలమంది తెలుగువాళ్ళు ఏం తింటున్నారు, పిల్లలను ఏం చదివిస్తున్నారు, రోగం వస్తే ఎక్కడికి పోతున్నారు అనేది టూరిస్టు చెప్పడు. ఆయన నాలుగు రోజులు ఉండి పోతాడు. మా మిల్లు మూసినప్పుడు కూడా ఇంతే అయింది. పత్రికలవాళ్ళు గేటుకు వేసిన తాళం ఫోటో తీసుకున్నారు, ఎంతమంది పని పోయిందో అంకె వేశారు. ఖోలీల వైపు ఒక్కరు రాలేదు. ఏ ఇంట్లో బడి ఫీజు ఆగిందో, ఏ ఇంట్లో పెండ్లి ఆగిందో ఆ పేపర్లో లేదు. రాసింది అబద్ధం కాదు, కానీ అది మన సంగతి కాదు.

ఎట్లా పలకరించాలి

ఇది పెద్ద విద్య కాదు. కానీ పద్ధతి ఉంది. మన యూనియన్‌లో పనిచేసినవాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు.

మొదటిది, మనిషి ద్వారా మనిషిని చేరాలి. మన బస్తీల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఇండ్లు ఉన్నయి. వాళ్ళ చుట్టాల్లో ఎవరో ఒకరు అండమాన్ పోయి ఉంటారు. అడగండి. పోర్ట్ బ్లేర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతారు. ఫలానా వాళ్ళ మేనల్లుడు చెప్పాడని మొదలుపెట్టిన మాటకు, ఎవరో తెలియని నంబరు నుంచి వచ్చిన మాటకు చాలా తేడా ఉంటుంది.

రెండోది, మనం ఎవరమో ముందు చెప్పాలి. పేరు, ఊరు, ఏ మిల్లులో ఏ పని చేసినం, ఈ పత్రిక ఏంది, ఎవరు చదువుతారు. పెద్దవాళ్ళయితే అండీ అని, చిన్నవాళ్ళయితే తమ్ముడూ, చెల్లెమ్మా అని పలకరించండి. వీడియో చూసిన వెంటనే నంబరు పెట్టు అని అడగడం మర్యాద కాదు.

మూడోది, ఒకసారికి ఒక్క ప్రశ్న. పది ప్రశ్నలు పంపితే చదివిన మనిషి తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతాడు. రాయడం కష్టమైతే గొంతుతో రికార్డు చేసి పంపమనండి. మన పిల్లలు దాన్ని విని రాసిపెడతారు.

నాలుగోది, వేళ. అక్కడ గడియారం మనదే, కానీ సూర్యుడు మనకన్నా ముందు లేస్తాడు. ఐదింటికల్లా తెల్లవారుతుంది, సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి పడుతుంది. వేటకు పోయేవాళ్ళు ఇంకా ముందే పండుకుంటారు. షోలాపూర్‌లో మనం అన్నం తినే వేళకు ఫోను కొడితే వాళ్ళను నిద్ర లేపినట్టే.

ఐదోది, అచ్చు వేసేముందు అడగాలి. వాళ్ళు చెప్పింది రాసినాక వాళ్ళకే చదివి వినిపించాలి. పేరు వేయమంటే వేయాలి, వద్దంటే వద్దు. ఇది మర్యాద మాటే కాదు. చిన్న ఊర్లో ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరికీ తెలుసు. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, అక్కడి విలేఖరి ఒకరు క్వారంటైన్ గురించి ట్విట్టర్‌లో ఒక ప్రశ్న అడిగినందుకు పోలీసులు అరెస్టు చేశారు. తర్వాత బెయిల్ వచ్చింది. ఇక్కడ కూర్చుని మనం, ధైర్యంగా రాయి తమ్ముడూ అనడం సులువు. ఆ మాటకు వచ్చే కష్టం ఆ తమ్ముడిది. ఎంత చెప్పాలో వాళ్ళే తేల్చుకోవాలి.

అడగకూడనిది ఒకటుంది

దీవులంటే చాలామందికి జరావాల ఫోటో కావాలి. ఈ మాట గట్టిగా చెప్తున్న. అది అడగొద్దు.

జరావాలు, సెంటినలీలు, ఓంగేలు, గ్రేట్ అండమానీలు, షోంపెన్‌లు వేల ఏండ్లుగా ఆ అడవులవాళ్ళు. వాళ్ళ రక్షణకు 1956 నుంచి చట్టం ఉంది. వాళ్ళ ఇలాకాలోకి పోయినా, వాళ్ళ ఫోటో, వీడియో తీసినా జైలు పడుతుంది. అండమాన్ ట్రంక్ రోడ్డు జరావాల అడవిలోంచి పోతుంది. బండ్లు పోలీసు కాపలాతో గుంపుగా పోవాలి, ఆగకూడదు, ఫోటో తీయకూడదు. అయినా 2012 జనవరిలో ఒక వీడియో బయటికొచ్చింది. తినేదానికోసం జరావా ఆడపిల్లలను టూరిస్టుల ముందు ఆడించారు. దేశం మొత్తం సిగ్గుపడ్డది. సిగ్గు ఒక్కటే కాదు, ప్రాణభయం కూడా ఉంది. మన జలుబు, మన తట్టు వాళ్ళ ఒంటికి కొత్త. 1999లో జరావాల్లో తట్టు వ్యాపించింది.

ఉత్తర సెంటినల్ దీవి సంగతి ఇంకా గట్టిది. అక్కడివాళ్ళు బయటివాళ్ళను రానివ్వరు. సునామీ తర్వాత బతికున్నారో లేదో చూడడానికి హెలికాప్టర్ పోతే, ఒకతను ఒడ్డుమీద నిలబడి బాణం ఎక్కుపెట్టాడు. బాగున్నాం, మా జోలికి రాకండి అన్నట్టే అది. 2018లో మతం చెప్పాలని పోయిన అమెరికా యువకుడు ఒకడు అక్కడ ప్రాణం పోగొట్టుకున్నాడు. 2025 మార్చిలో ఇంకో అమెరికావాడు పడవలో పోయి ఒడ్డున కొబ్బరికాయ, కూల్‌డ్రింక్ డబ్బా పెట్టి వీడియో తీసుకుని వచ్చి అరెస్టయ్యాడు.

పలకరించడం అంటే అవతలివాళ్ళకు ఇష్టమైతేనే పలకరించడం. తలుపు మూసుకున్న ఇంటి కిటికీలోంచి తొంగిచూడడం పలకరింపు కాదు. మన చెల్లెండ్లు మోరీ దగ్గర బట్టలు ఉతుకుతుంటే ఎవడో ఫోను ఎత్తి వీడియో తీస్తే మనం ఊరుకుంటామా? మనం మాట కలపాల్సింది ఫోను చేతిలో పట్టుకుని నా సంగతి వినండి అని తనంతట తాను చెప్పేవాళ్ళతో.

ఏం అడుగుదాం

అడగడానికి చాలా ఉంది. విశాఖ ఓడ నెలకు ఒకసారి వచ్చేది గగనమైతే పెండ్లికి, చావుకు ఎట్లా వస్తున్నారు? ఓడ ఆలస్యమైన వారం కూరగాయల ధర ఎంత పోతుంది? పెద్ద రోగం వస్తే పోర్ట్ బ్లేర్‌లో జీబీ పంత్ ఆస్పత్రి ఉంది, అక్కడ కాకపోతే చెన్నైకి పంపుతారు. చెన్నైలో ఆ రోగి వెంట ఎవరు ఉంటారు? ఈ ప్రశ్న నేను ఊరికే అడగట్లేదు. చెన్నైలో, కోయంబత్తూరులో మన పాఠకులు ఉన్నారు. తెలుగు, తమిళం రెండూ వచ్చిన ఒక మనిషి ఆస్పత్రి మెట్ల దగ్గర కలిస్తే ఆ కుటుంబానికి కొండంత అండ.

ఇంకోటి గ్రేట్ నికోబార్ సంగతి. గలాతియా బే దగ్గర పెద్ద రేవు, విమానాశ్రయం, కొత్త పట్నం కట్టాలని సర్కారు పథకం. వేల కోట్ల పని. పనులు వస్తాయని అనేవాళ్ళున్నారు, అడవి పోతుంది, షోంపెన్‌ల, నికోబారీల బతుకు ఏమవుతుంది అని అడిగేవాళ్ళున్నారు. ఢిల్లీ మాట టీవీలో వస్తుంది. పోర్ట్ బ్లేర్ నుంచి కూడా 500 కిలోమీటర్ల పైన ఉన్న క్యాంప్‌బెల్ బేలో, 1969 నుంచి సర్కారే తీసుకుపోయి నిలబెట్టిన మాజీ సైనికుల కుటుంబాలు ఏమంటున్నయో మనకు వినబడదు. మిల్లు భూముల మీద మాళ్ళు, టవర్లు లేచినప్పుడు మనల్ని అడిగినవాళ్ళు ఎందరు? ఆ నొప్పి తెలిసినోళ్ళం కాబట్టి మనం అడగాలి, వాళ్ళు చెప్పింది కత్తిరించకుండా వేయాలి.

మనం ఏమిస్తాం

కబురు ఒకవైపే నడిస్తే అది నాలుగు నెలలకు ఆగిపోతుంది. వాళ్ళ సంగతి మనం వేసుకుంటే, మన సంగతి వాళ్ళకు పోవాలి. పత్రిక వచ్చిన ప్రతి నెలా వాళ్ళకు ఒక ప్రతి పోస్టులో పంపుదాం. అండమాన్ పిన్‌కోడ్ 744తో మొదలవుతుంది. అది పరదేశం కాదు, మామూలు ఉత్తరానికి మన పక్క ఊరికి పడే స్టాంపే అక్కడికీ పడుతుంది. ఓడలో పోయే సంచి కాబట్టి ఆలస్యం కావచ్చు, అంతే. వాళ్ళ వీడియోను మన బస్తీ పిల్లలు చూసి, కింద తెలుగులో నాలుగు మంచి మాటలు రాస్తే అది కూడా ఇచ్చినట్టే. తెలుగు చదివే అలవాటు తప్పుతున్న పిల్లలు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు. షోలాపూర్ పిల్ల రంగత్ పిల్లకు తెలుగులో ఉత్తరం రాస్తే ఇద్దరికీ అక్షరం నిలుస్తుంది.

దీనికోసం డబ్బు వసూలు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. ప్రతి బస్తీ నుంచి ఒక్కరు ఒప్పుకోండి. వచ్చే నెల 10వ తేదీలోగా, మీకు తెలిసిన అండమాన్ తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్నాకే, పేరు ఊరు మాత్రం మన పత్రిక ఆఫీసుకు రాసి పంపండి. ముగ్గురు దొరికినా చాలు, పైనెల నుంచి ఒక పేజీ వాళ్ళకోసం ఖాళీ పెడదాం. దానికి పేరు మనం పెట్టొద్దు. మొదటి ఉత్తరం రాసినవాళ్ళే పెట్టనియ్యండి.